పేషెంటును మనిషిగా చూసుకోవడం ఎలా నేర్చుకోవాలి? గోదావరి జిల్లాల నర్సింగ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువుతున్నవాళ్ల కోసం. వార్డుల్లో విద్యార్థులను వెంటేసుకుని తిరిగే ట్యూటరుగా నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. కొత్తగా చేరిన ట్యూటర్లకు పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

వ్యక్తి కేంద్రిత సంరక్షణ అంటే సూటిగా ఏమిటి?

మంచం మీదున్న మనిషికి ఏ జబ్బో తెలుసుకోవడంతో ఆగకుండా, ఆ జబ్బుతో ఇంట్లో, పనిలో ఎలా నెట్టుకొస్తున్నాడో, ఈ వైద్యం నుంచి తనకేం కావాలో కనుక్కుని, దాన్నిబట్టి మన పని తీరు మార్చుకోవడం. ఆ చివరి ముక్క ముఖ్యం. కనుక్కుని ఊరుకుంటే అవి కబుర్లే.

సఖినేటిపల్లి-నరసాపురం రేవులో పంటు (జనాన్ని, బళ్లను ఏరు దాటించే పెద్ద పడవ) మీద పనిచేసే ఒకాయన ఉన్నాడనుకోండి. గుండె బలహీనం, కాళ్లకు వాపు. ఒంట్లో నీరు దిగడానికి మాత్ర రాసి పొద్దున్నే వేసుకోమన్నారు. వాపు తగ్గదు, నెలకోసారి వార్డులో చేరుతుంటాడు. కేస్ షీటులో ‘మందులు సరిగా వాడటం లేదు’ అని ఉంటుంది. ‘పొద్దున్న మాత్ర వేసుకున్నాక ఎలా ఉంటుందండీ?’ అని ఎవరైనా అడిగితే అప్పుడు చెబుతాడు. గంట తిరక్కుండా మూత్రం ముంచుకొస్తుంది, జనం కిక్కిరిసిన పంటు మీద ఎక్కడికి పోతాడు? అందుకని డ్యూటీ ఉన్న రోజు మానేస్తున్నాడు. ఈ సంగతి డాక్టరు గారికి చేరితే మాత్ర వేసుకునే వేళ మార్చడమో, ఇంకో దారి చూడటమో చేస్తారు. చేరవేయాల్సింది మీరే. రౌండ్సులో ఆయన నోరు విప్పడు.

ఈ ఆలోచన ఎవరిది? పరీక్షలో రాయడానికి కావాలి.

ఒక్కరిది కాదు. హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లోనే నర్సుకూ రోగికీ మధ్య సంబంధమే నర్సింగ్‌కు మూలమని రాశారు. దాదాపు అదే కాలంలో మనస్తత్వ శాస్త్రంలో కార్ల్ రోజర్స్ సాయం కోరి వచ్చినవాళ్ల మాటనే మధ్యలో పెట్టి చికిత్స చేయాలన్నారు. బ్రిటన్‌లో టామ్ కిట్‌వుడ్ మతిమరుపు జబ్బున్నవాళ్ల గురించి 1997లో రాసిన పుస్తకంలో, జ్ఞాపకం పోయినా మనిషి మనిషిగానే ఉంటాడని, చుట్టూ ఉన్నవాళ్ల ప్రవర్తనే ఆ మనిషితనాన్ని నిలబెడుతుంది లేదా చెరిపేస్తుందని వాదించారు. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2001 నివేదిక మంచి వైద్యానికి ఆరు లక్ష్యాలు చెబుతూ రోగి కేంద్రంగా ఉండటాన్ని అందులో ఒకటిగా చేర్చింది. నర్సింగ్‌కు సరిపడా చట్రం కావాలంటే బ్రెండన్ మెక్‌కార్మాక్, తాన్యా మెక్‌కాన్స్ 2006లో ప్రచురించినది రాయండి. నర్సుకు ఉండాల్సిన అర్హతలు, పనిచేసే వాతావరణం, సంరక్షణ జరిగే తీరు, ఫలితాలు అని నాలుగు భాగాలు. వాతావరణం అన్న రెండోదాన్ని విద్యార్థులు ఒక లైనులో దాటేస్తారు. నలుగురు నర్సులుండాల్సిన వార్డులో ఒక్కరే ఉంటే ఎంత మంచి మనసైనా ఏం చేస్తుందన్నది అక్కడే రాయాలి.

మా వైపు అందరినీ ‘అండి’ అనే అంటాం. మర్యాద బాగానే వచ్చు. ఇంకేం నేర్చుకోవాలి?

మర్యాదకు మన జిల్లాల్లో లోటు లేదు. చిక్కల్లా అక్కడే వస్తోంది. ‘మందులు ఎలా వేసుకోవాలో అర్థమైందా అండి?’ అని మనం మర్యాదగా అడుగుతాం. ‘ఆయ్, అర్థమైందండి’ అని ఆయన మనకంటే మర్యాదగా చెబుతాడు. సిస్టరమ్మ ఇంత ఓపిగ్గా చెప్పాక అర్థం కాలేదంటే ఏం బాగుంటుందని. ఇద్దరికీ తృప్తిగా ఉంటుంది. ఇంటికెళ్లాక రాత్రి మాత్ర పొద్దున్నా, పొద్దుటి మాత్ర రాత్రీ పడుతుంది.

కాబట్టి అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలు తగ్గించండి. మనం చెప్పినదాన్ని వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోవడాన్ని టీచ్-బ్యాక్ అంటారు. ‘ఏదీ, చెప్పండి చూద్దాం’ అంటే బడిలో నిలబెట్టినట్టుంటుంది. తప్పు మన మీద వేసుకుని అడగాలి: ‘నేను గబగబా చెప్పేశానేమోనండి. ఇంటికెళ్లాక మీవాళ్లు అడిగితే ఈ మాత్ర గురించి ఏమని చెబుతారు?’ అప్పుడు బయటపడుతుంది, పరగడుపున అంటే టిఫిన్‌కి ముందు, కాఫీ తాగాక అని ఆయన అనుకున్నట్టు. మళ్లీ చెప్పండి, మళ్లీ అడగండి.

అడిగాక ఆగడం వేరే విద్య. జవాబు రావడానికి కాస్త ఆలస్యమైతే మన పిల్లలు కంగారుపడి తామే జవాబు అందించేస్తారు, ‘రోజూ వేసుకుంటున్నారు కదండీ?’ అని. ఆ మాట మీ నోట్లోంచి వచ్చిందంటే ఇక ‘ఆయ్’ తప్ప ఇంకేం రాదు. నోరు కట్టేసుకుని ఉండండి. పెద్దవాళ్లు మాట కూడగట్టుకోవడానికి టైము పడుతుంది.

పేషెంటును ఏమని పిలవాలి?

తాతగారూ, మామ్మగారూ, పిన్నిగారూ, బాబాయ్ గారూ అని వరస కలిపి పిలవడం మన దగ్గర సహజమే. అది చాలామందికి ఊరటగా కూడా ఉంటుంది. కానీ నలభై అయిదేళ్లావిడను జుట్టు నెరిసిందని ‘మామ్మగారూ’ అన్నారో, ఆ పోస్టింగ్ అయ్యేదాకా మీతో మాట్లాడదు. రిటైరైన టీచరుకి ‘మాస్టారూ’ అనిపించుకోవడమే ఇష్టం. ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారండీ?’ అని అడిగేయండి, జవాబు కేర్ ప్లాన్ మీద రాయండి, నైట్ డ్యూటీవాళ్లకూ తెలుస్తుంది. ‘పదకొండో బెడ్డు’, ‘ఆ షుగర్ కాలు’ లాంటివి డ్యూటీ మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే హ్యాండోవర్‌లో కూడా వద్దు. పక్కనే పడుకున్న మనిషికి అన్నీ వినిపిస్తాయి.

అంతకుముందు మీ పేరు చెప్పాలి. బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టరు క్యాన్సర్‌తో తనే ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చినప్పుడు, తన దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది పేరు కూడా చెప్పకుండా పని చేసుకుపోతున్నారని గమనించి 2013లో ‘హలో, నా పేరు...’ అన్న ఉద్యమం మొదలుపెట్టారు. 2016లో ఆమె పోయారు, ఉద్యమం దేశాలు దాటింది. మీరు చెప్పాల్సింది రెండు ముక్కలే: పేరు, ఇంకా చదువుకుంటున్న విద్యార్థినని. రెండోది దాచకండి. విద్యార్థి చేత సూది వేయించుకోనని అనే హక్కు వాళ్లకుంది.

వార్డులో నలభై మంది ఉంటారు. కూర్చుని మాట్లాడటానికి టైమెక్కడిది?

వేరే టైము అక్కర్లేదు. పక్క వేసేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు, డ్రెస్సింగ్ విప్పేటప్పుడు, డ్రిప్ మార్చేటప్పుడు మన చేతులు పనిలో ఉంటాయి, నోరు ఖాళీగానే ఉంటుంది. చాలామంది ఆ టైములో పక్కనున్న ఫ్రెండుతో మాట్లాడుకుంటారు, పేషెంటు మధ్యలో బొమ్మలా పడి ఉంటాడు. ఆ మాటలే పేషెంటుతో మాట్లాడండి. ఒక్క బీపీ కొలుస్తున్నప్పుడు మాత్రం మాట్లాడించకండి, రీడింగ్ పెరుగుతుంది. స్టూలు దొరికితే రెండు నిమిషాలు కూర్చోండి. నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడినదానికంటే అదే ఎక్కువసేపు ఉన్నట్టు అనిపిస్తుంది వాళ్లకి. మంచం మీద మాత్రం కూర్చోకూడదు, ఇన్ఫెక్షన్ సంగతి ఫస్టియర్‌లోనే చదివారు.

ఏం అడగాలో తెలీక మాట ఆగిపోతోంది. నాలుగు ప్రశ్నలు ఇవ్వండి.

‘ఇక్కడ చేరాక మీకు అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నదేంటండీ?’ ‘ఇంటి దగ్గర ఏ పని ఆగిపోయింది?’ ‘ఈ జబ్బు గురించి మీకేమనిపిస్తోంది?’ ‘రేపు ఇంటికెళ్తే మొదట దేనికి కష్టమవుతుందనుకుంటున్నారు?’

రెండో ప్రశ్నకు వచ్చే జవాబులు వింటే ఆశ్చర్యపోతారు. రొయ్యల చెరువు దగ్గర రాత్రి ఏరేటర్లు చూసుకునేవాళ్లు లేరని ఒకరికి దిగులు. గేదె పాలు ఎవరు పిండుతున్నారోనని ఒకావిడకి టెన్షన్. డిశ్చార్జ్ కాకుండానే సంతకం పెట్టి వెళ్లిపోయే చాలామంది వెనక ఇలాంటిదే ఏదో ఒకటి ఉంటుంది.

నొప్పి 0 నుంచి 10లో ఎంత అంటే పెద్దవాళ్లు ‘బాగా ఉందమ్మా’ అంటారు. నంబరు ఎలా రాయాలి?

రూపాయిల్లో అడగండి. ‘నిన్న రూపాయంత ఉందనుకుంటే ఇవాళ ఎంతుంది? ముప్పావలానా, అర్ధరూపాయా, పావలానా?’ ఆ లెక్కలో పెరిగినవాళ్లు ఠక్కున చెబుతారు. షీటులో మాత్రం 0-10 స్కేలే రాయాలి కాబట్టి, తర్వాత వేళ్లు చూపించి పదిలో ఎంతో వాళ్లచేతే చెప్పించండి, మీ అంతట మీరు మార్చేయకండి. పిల్లలకైతే నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం దాకా చూపించి ఎంచుకోమనే వాంగ్-బేకర్ ముఖాల బొమ్మలు ఉన్నాయి.

నంబరు ఒక్కటీ చాలదు. సలుపా, పోటా, మంటా, లాగుతోందా, బరువుగా ఉందా అన్నది వాళ్ల మాటల్లోనే రాయండి. ‘గుండెల్లో మంట’ అన్నవాడిని గ్యాస్ అని తేల్చేయకుండా, చెమటలు పట్టాయా, చెయ్యి లాగుతోందా అని అడిగి వెంటనే స్టాఫ్‌కు చెప్పాలి. మాట పట్టించుకోవడం మర్యాద కోసమే కాదు, ప్రాణం కోసం కూడా.

పేషెంటును అడిగితే పక్కనున్న కొడుకే అన్నీ చెప్పేస్తున్నాడు. ఏం చేయాలి?

ఆయన్ని బయటికి పంపేయాలని చూడకండి. మన ఆసుపత్రుల్లో సగం సేవ అటెండెంట్లదే. ముందు ఆయన చెప్పేది వినండి, తర్వాత మంచం వైపు తిరిగి ‘అబ్బాయి గారు చెప్పారు, మీరూ చెప్పండి పెద్దాయనా’ అనండి. కళ్లు పేషెంటు మీదే ఉంచండి. కొన్ని సంగతులు కొడుకు ముందు రావు. మూత్రం ఆగకపోవడం, కోడలు అన్నం పెట్టే వేళ, దాచుకున్న చుట్ట. అవి ఒళ్లు తుడిచేటప్పుడు, తెర వేసి ఉన్నప్పుడు వస్తాయి.

కోనసీమలో, నరసాపురం వైపు ఇంకో రకం ఉంది. కూతురు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, డబ్బు పంపేది తనే, వీడియో కాల్‌లో ‘సిస్టర్, ఫోన్ డాక్టర్‌కి ఇవ్వండి’ అంటుంది. ఆవిడ ఆత్రం న్యాయమే. అయినా జబ్బు వివరాలు చెప్పేముందు ‘అమ్మాయి గారికి చెప్పమంటారా?’ అని తల్లిని అడగాలి, చెప్పాల్సింది డాక్టరో ఇన్‌ఛార్జి సిస్టరో తప్ప మీరు కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి, గోప్యత అందులో ఒకటి. ఒకసారి పూర్తిగా చదవండి, చిన్నదే.

జబ్బు పేరు చెప్పొద్దని ఇంట్లోవాళ్లు బతిమాలుతున్నారు. పేషెంటేమో నన్నే అడుగుతున్నాడు.

విద్యార్థి నోటివెంట క్యాన్సర్ అన్న మాట మొదటిసారి వినిపించకూడదు. అలాగని ‘ఏం లేదండీ, తగ్గిపోతుంది’ అని అబద్ధం కూడా చెప్పకూడదు. ‘డాక్టరు గారు మీకేం చెప్పారండీ? మీకేమనిపిస్తోంది?’ అని అడిగి వినండి. సగం మందికి ముందే తెలిసిపోయి ఉంటుంది. ఇంట్లోవాళ్లు బాధపడతారని తెలీనట్టు ఉంటారు. ఆయనకు తెలుసుకోవాలని ఉందన్న సంగతి అదే పూట ఇన్‌ఛార్జికి చెప్పండి, నోట్స్‌లో ఆయన మాటలే రాయండి.

డయాలసిస్ పేషెంటు కొబ్బరి నీళ్లు మానడం లేదు. ఎన్నిసార్లు చెప్పాలి?

చెప్పడం ఆపి అడగడం మొదలుపెట్టాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లకు ఒంట్లో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి నీళ్లలో అది ఎక్కువ. మీకు తెలిసిందే, ఆయనకూ చాలాసార్లు చెప్పే ఉంటారు. అయినా తాగుతున్నాడంటే కారణం ఉంటుంది, అది తెలీకుండా నూటొకటోసారి చెప్పినా అంతే.

కోనసీమలో పలకరించడానికి వచ్చినవాళ్లు చేతిలో బొండాం లేకుండా రారు. కొట్టి చేతికిచ్చాక వద్దంటే చుట్టం చిన్నబుచ్చుకుంటాడు. ఇది ఒక కారణం కావచ్చు. అప్పుడు పరిష్కారం పేషెంటు దగ్గర లేదు, ఇంటి గుమ్మం దగ్గర ఉంది: వచ్చేవాళ్లకు ముందే చెప్పే మనిషి ఇంట్లో ఎవరున్నారో చూడాలి. లేదా, నీళ్లు కొలిచి తాగమన్నారు కాబట్టి దాహం ఆగడం లేదు, బొండాం మందులాంటిదే కదా అనుకుంటున్నాడు. అప్పుడు నోరు పుక్కిలించి ఊసేయడం, లెక్కలో కలుపుకుని చిన్న ఐసు ముక్క చప్పరించడం, ఉప్పు తగ్గిస్తే దాహమూ తగ్గుతుందన్న సంగతి పనికొస్తాయి. సొంత చెట్టు కాయ పారబోయడం ఇష్టం లేక తాగే పెద్దాయన కూడా ఉంటాడు. మూడు కారణాలకూ ఒకే హెల్త్ ఎడ్యుకేషన్ చార్టు చూపించి ‘పేషెంటు సహకరించుట లేదు’ అని రాయడం నాకు నచ్చదు.

కమ్యూనిటీ పోస్టింగ్‌లో బాలింతకు పత్యం పెడుతున్నారు. తప్పని చెప్పాలా?

అంతా తప్పు కాదు, అంతా ఒప్పూ కాదు. ముందు ఏమేం పెడుతున్నారో వివరంగా అడగండి. వేడి అన్నం, నెయ్యి, వెల్లుల్లి, కారప్పొడి: వీటితో గొడవ పడాల్సిన పనేం లేదు. బిడ్డకు జలుబు చేస్తుందని తల్లికి నీళ్లు సరిగా ఇవ్వకపోవడం, పప్పూ కూరలూ మాన్పించడం, ముర్రుపాలు పిండి పారబోయడం: ఇవి వదలకూడదు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న మాట.

మాట్లాడాల్సింది బాలింతతో మాత్రమే కాదు. తొలి కాన్పు పుట్టింట్లో కదా, వంటిల్లు అమ్మమ్మ గారి చేతిలో ఉంటుంది. ఆవిడ ఎదురుగా ‘ఇవన్నీ మూఢనమ్మకాలు’ అన్నారా, ఆ ఇంటి తలుపు మీకు మళ్లీ తెరుచుకోదు. ‘మామ్మగారూ, చన్నీళ్లు వద్దంటున్నారు, సరే. కాచి గోరువెచ్చగా ఇద్దామా? పాలు పడాలంటే నీళ్లు కావాలి కదండీ’ అంటే ఆవిడే చెంబు నింపి తెస్తుంది. ఆ ఇంటి పద్ధతిలోనే దారి వెతికారన్నమాట. అయితే బాలింతను విడిగా కూడా ఒకసారి అడగండి, తనకేం తినాలనుందో. చాలా ఇళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

లంక గ్రామాల (గోదావరి మధ్య దీవుల్లోని ఊళ్ల) పేషెంటుకు డిశ్చార్జ్ సలహాలు వేరుగా ఉండాలా?

తప్పకుండా. వరద కాలంలో మరీను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకు అటూఇటుగానే కొన్ని లంకలకు దారి తెగిపోతుంది. కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవే గతి. జులై, ఆగస్టుల్లో డయాలసిస్ పేషెంటునో, నెలలు నిండిన గర్భిణినో ఇంటికి పంపేటప్పుడు ‘వరదొస్తే ఎక్కడుంటారు? గట్టున చుట్టాలెవరున్నారు? ఊళ్లో ఆశా కార్యకర్త నంబరు ఉందా?’ అన్న ప్రశ్నలు మందుల చీటీ అంత ముఖ్యం. నీళ్లు వచ్చాక కాదు, మొదటి హెచ్చరిక వినగానే ఇవతలికి వచ్చేయాలని ముందే మాట్లాడుకోవాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లయితే ఇంట్లో ఫ్రిజ్ ఉందా, కరెంటు ఎన్నాళ్లు పోవచ్చు అని అడగండి. ‘ఫ్రిజ్‌లో పెట్టుకోండి’ అంటే లేనివాళ్లు కూడా తలూపుతారు. వాడుతున్న సీసాను సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాల దాకా ఉంచొచ్చు, ఖచ్చితంగా ఎన్నాళ్లన్నది ఆ సీసా అట్టపెట్టె మీద చూడాలి. మన ఎండాకాలం వేడికి ఆ చల్లదనం మామూలు గదిలో దొరకదు. తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా కవరులో చుట్టి పెట్టుకునే పద్ధతి చూపించండి. ఐసు ముక్కలకు ఆనించకూడదని, గడ్డకడితే ఇక పనికిరాదని చెప్పండి. ఇదంతా నోటితో చెప్పి వదిలేయకుండా చేసి చూపించాలి.

‘ఏ ఊరమ్మా? ఎవరి అమ్మాయివి?’ అని అడుగుతుంటే ఇబ్బందిగా ఉంది.

ఊరు చెప్పండి, తప్పులేదు. చాలాసార్లు అది కలుపుగోలుతనమే. ఇంకా లోతుకు పోయి కులం దాకా వస్తే ‘ఇక్కడ అందరం సిస్టర్లమేనండి’ అని నవ్వి పనిలో పడండి. ఫలానా వాళ్ల చేత ముట్టించుకోనని ఎవరైనా అంటే అది మీరు ఒంటరిగా మోయాల్సింది కాదు. ఇన్‌ఛార్జికి చెప్పండి. పేషెంటు ఇష్టాన్ని గౌరవించడమంటే కులం చూసి డ్యూటీలు మార్చడం కాదు.

మన వైపు కూడా చూసుకుందాం. తెల్ల చొక్కా వేసుకొచ్చినాయన్ని ‘మీరు’ అన్న నోరే, లుంగీ కట్టుకొచ్చిన కూలీని ‘జరుగు, చెయ్యి చాపు’ అంటుంది. పైన ‘అందరినీ అండి అంటాం’ అన్నారు కదా, ఒక పూట వార్డులో నిలబడి వినండి, అందరినీ అంటున్నామో లేదో.

మగ నర్సింగ్ విద్యార్థులు ఆడ పేషెంట్ల దగ్గర, ఆడపిల్లలు మగ పేషెంట్ల దగ్గర ఎలా?

చేయబోయేది చెప్పి, అడిగి, తెర వేసి, అవసరమైనంత మేరకే దుప్పటి తీసి. మగ విద్యార్థి అయితే ఆడమనిషి ఒకరు పక్కన ఉండాలి. వద్దంటే వద్దు, లాగ్ బుక్‌లో సంతకం ఇంకో కేసుకు పెట్టించుకోవచ్చు.

ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు మాట్లాడరు. ఏం చేయాలి?

రంపచోడవరం, చింతూరు వైపు నుంచి కాకినాడకో రాజమహేంద్రవరానికో వచ్చినవాళ్లకు ఆసుపత్రే కొత్త, కొందరికి మన తెలుగూ కొత్తే. కోయ మాట్లాడేవాళ్లకు తోడొచ్చిన బంధువో ఆశా కార్యకర్తో మాట చెబుతారు. చిన్నపిల్లలచేత మాత్రం చెప్పించకండి. బాత్రూమ్ ఎక్కడ, అన్నం ఎప్పుడొస్తుంది, తిరుగు బస్సు ఎక్కడ దొరుకుతుంది: మొదట ఇవి చూపించండి. జబ్బు గురించిన ప్రశ్నలు ఆ తర్వాత.

మతిమరుపు ఉన్న పెద్దావిడ ‘మా అమ్మ వచ్చిందా’ అని అడుగుతోంది. మీ అమ్మ పోయింది కదా అని గుర్తు చేయాలా?

ఆ కబురు ఆవిడకు ప్రతిసారీ కొత్తదే, ప్రతిసారీ ఏడుస్తుంది. ‘అమ్మ గుర్తొస్తోందా మామ్మగారూ? ఏం వండి పెట్టేది?’ అని అడగండి. అబద్ధం చెప్పలేదు, గాయమూ చేయలేదు. ముద్దొచ్చి బుగ్గ గిల్లడం, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడటం, తొందరపెట్టడం: ఇలాంటివాటినే మనిషితనాన్ని తగ్గించే ప్రవర్తన అని కిట్‌వుడ్ జాబితా రాశారు. ప్రేమతోనే చేస్తారు పిల్లలు, అయినా మానాలి.

నేను ఇలా మాట్లాడుతుంటే ‘కబుర్లు చాలు, పని చూడు’ అని స్టాఫ్ సిస్టర్ కోప్పడ్డారు.

ఆవిడ మీద ఎంత భారం ఉందో చూశారుగా. ఎదురు చెప్పకండి. మీరు కనుక్కున్నది ఆవిడకు పనికొచ్చేలా ఒక్క వాక్యంలో చెప్పండి: ‘సిస్టర్, నాలుగో బెడ్ రాజు గారు రాత్రి నుంచి మూత్రం పోలేదట, సిగ్గుపడి చెప్పలేదు.’ ఇలా రెండుసార్లు జరిగాక కబుర్లని ఎవరూ అనరు. (పేరు ఊరికే రాశాను.)

పేషెంటు పోయారు. ఏడుపొచ్చింది. ఇది బలహీనతా?

కాదు. మిగతా పేషెంట్ల ముందు కాకుండా డ్యూటీ రూములో ఏడవండి. తర్వాత ట్యూటరుతో మాట్లాడండి. రోజుల తరబడి నిద్ర పట్టకపోతే అది కూడా చెప్పండి, దాచుకోకండి.

ట్యూటర్లకు: దీన్ని నేర్పడం ఎక్కడ మొదలుపెట్టాలి?

డ్యూటీ పంచే పద్ధతిలో. ‘బీపీలు నువ్వు చూడు, టెంపరేచర్లు నువ్వు, ఇంజక్షన్లు నువ్వు’ అని పని పంచితే వార్డు త్వరగా తెములుతుంది, ఏ పిల్లకూ ఏ మనిషీ తెలియడు. మనుషుల్ని పంచండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు, పదిమంది విద్యార్థులకు ఒక ట్యూటరు ఉండాలి. ముగ్గురి బాగోగులన్నీ ఒక్కరే పోస్టింగ్ అయ్యేదాకా చూస్తే, మూడోరోజుకి ఆ పిల్ల చెప్పే కేస్ ప్రెజెంటేషనే వేరుగా ఉంటుంది.

2021లో వచ్చిన ఎనిమిది సెమిస్టర్ల బీఎస్సీ సిలబస్‌లో కమ్యూనికేషన్, నర్సు-రోగి సంబంధం నర్సింగ్ ఫౌండేషన్స్‌లోనే ఉన్నాయి, చివరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్. మధ్యలో ఈ సంగతి ఎవరూ గుర్తు చేయకపోతే పుస్తకంతోనే పోతుంది.

ట్యూటర్లకు: రోల్ ప్లే పెడితే పిల్లలు నవ్వేస్తున్నారు.

ఫ్రెండే పేషెంటైతే నవ్వు రాదా మరి? పేషెంటుగా నటించేందుకు తర్ఫీదు ఇచ్చిన మనుషులను హోవార్డ్ బారోస్ 1963లోనే అమెరికాలో వాడారు. మనకు అంత హంగు అక్కర్లేదు, హాస్టల్ వంట మామ్మగారు ఒప్పుకుంటే చాలు. ఆవిడకు ఒక రహస్యం ఇవ్వండి: ‘బీపీ మాత్ర సగం విరిచి మీ చెల్లెలికి ఇస్తున్నారు. సూటిగా మాత్రలు వేసుకుంటున్నారా అంటే ఆయ్ అనండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బుందా అని నిదానంగా అడిగితేనే చెప్పండి.’ రహస్యం బయటపెట్టగలిగినవాళ్లకే మార్కులు. నవ్వు ఆగిపోయి పోటీ మొదలవుతుంది.

ఓస్కీ పరీక్షలో (ఒక్కోచోట ఒక్కో పని చేయించి మార్కులు వేసే ప్రాక్టికల్) ‘తన పేరు చెప్పెను: 1 మార్కు’ లాంటి చెక్‌లిస్టు తప్పదు. కానీ పిల్లలు గోడకు చెప్పినట్టు పేరు చెప్పి మార్కు పట్టేస్తారు. నటించినావిడను కూడా ఒక మార్కు వేయనివ్వండి, ‘ఈ పిల్ల మళ్లీ నా దగ్గరికి రావచ్చా?’ అన్నదానికి.

రిఫ్లెక్షన్ డైరీ రాయమంటున్నారు. సీనియర్ల రికార్డు చూసి రాయొచ్చా?

రాస్తే తెలిసిపోతుంది, అందరి పేషెంటూ ఒకేలా కృతజ్ఞతతో కన్నీళ్లు పెట్టుకుంటాడు. గిబ్స్ 1988లో చెప్పిన వరస వాడండి: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది కాదు, ఎందుకలా, ఇంకేం చేయగలిగేదాన్ని, ఈసారి ఏం చేస్తాను. పది లైన్లు చాలు. పేషెంటు అన్న మాట ఒక్కటైనా ఉన్నదున్నట్టు ఉండాలి. ఆ ఒక్కటీ కాపీ కొట్టడానికి దొరకదు.

వార్డులో రీల్ చేస్తే తప్పా? పేషెంటు ముఖం కనపడదు.

తప్పే. కేస్ షీటు మూల, గోడ మీద వార్డు పేరు, వెనక వినిపించే గొంతు, వీటిలో ఏదో ఒకటి చాలు, ఊళ్లోవాళ్లు గుర్తుపట్టేస్తారు. ‘అడిగితే సరేనన్నారు’ అంటారా? సిస్టరమ్మ అడిగితే ఆయ్ అనక ఏమంటారు? ఫోన్ లాకర్లో పెట్టి రండి.